మూడో వరుస నవ్వు

"ఇవాళ నువ్వెందుకు నవ్వలేదు?" మొహం మీది రంగు తుడుచుకుంటూ నిలదీశాడు భర్త.

స్టేజీ మీద ఒక్కడే గంటసేపు నవ్వించే అతని ఆటకు, మూడో వరుసలో భార్య నవ్వే నిప్పురవ్వ. ఆమె మొదలుపెడితే హాలంతా అంటుకుంటుంది.

"ఇవాళ మీరు చేసి చూపించింది మా అమ్మ పోయినప్పుడు నేను ఏడ్చిన ఏడుపండీ."

"నీదని ఎవరికి తెలుసు? నువ్వు నవ్వకపోయినా జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు!"

"నా పక్కావిడ 'అచ్చం మా ఆడపడుచే' అంటూ నా భుజం మీద చరిచింది."

"చూశావా! ఎక్కిళ్ళు, ముక్కు చీదడం, ఏడుస్తూనే ఊడిన చెప్పు కోసం తడుముకోవడం... ఒక్కటైనా తప్పిందా?"

"తప్పలేదు."

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక అతనొక్కడే ఎదురుగా కూర్చుని, రెప్ప వేయకుండా ఆమెనే చూశాడు. అమ్మ పోయినా ఈ మనిషి ఉన్నాడనుకుంది. ఇన్నాళ్ళూ ఆ చూపే ఆమెకు కొండంత అండ.

"రేపు మాత్రం మొదటి ఎక్కిలికే నవ్వాలి," అన్నాడతను.

"ఆ రోజు మీరు నా దుఃఖం పంచుకుంటున్నారనుకున్నాను." ఆమె గొంతు వణికింది. "పాఠం నేర్చుకుంటున్నారన్నమాట."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. ముందుకు వంగి, రెప్ప వేయకుండా ఆమె ముఖంలోకి చూశాడు. మళ్ళీ అదే చూపు.

"ఆ మాట ఇంకోసారి అను. ఆ వణుకుతోనే."