బాపు చూస్తే ఔట్

భార్య గోదా టీవీ పెట్టగానే బాలనర్సింహ చెప్పులేసుకుని గడప దాటాడు.

తలుపుకున్న పరదా లాగి, టీవీ కనబడని మూల చూసుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. లోపల స్టేడియం హోరెత్తుతోంది. లీగ్ ఫైనల్. బ్యాటు పట్టుకుని దిగబోయేది ఆయన ఒక్కగానొక్క కొడుకు రాఘవ్.

మ్యాచ్ అంటే చాలు, మనవాళ్లకు ఎక్కడలేని నమ్మకాలూ పుట్టుకొస్తాయి. ఒకడు కూర్చున్న కుర్చీలోంచి లేవడు. ఇంకొకడు గెలిచిన రోజు వేసుకున్న చొక్కా ఉతకనివ్వడు. బాలనర్సింహ బావమరిదైతే వికెట్ పడకూడదని ఇన్నింగ్స్ అంతా బాత్రూముకు కూడా పోకుండా బిగబట్టుకు కూర్చునేవాడు. వీళ్లను చూసి బాలనర్సింహ పడీ పడీ నవ్వేవాడు.

"నువ్వు లేస్తే ఆడ బాల్ తిరుగుతదారా? కరెంటాఫీసుల చెప్తే నవ్విపోతరు. జర అకల్ ఉండాలె."

కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ అకల్ ఆయనకే లేకుండా పోయింది.

రాఘవ్ కార్వాన్ గల్లీల్లో ఆడే రోజుల్లోనే సంగతి బయటపడింది. తండ్రి ఆఫీసు నుంచి వస్తూ కాసేపు ఆగి చూస్తే చాలు, వాడు ఔట్. ఒకసారి కాదు, చూసినప్పుడల్లా అంతే.

"బాపూ, నువ్వు చూస్తే నేను ఔటైత. ఇంట్లకు పో" అని బ్యాటు ఊపుతూ తరిమేవాడు. వాడు సరదాకే అన్నాడు. ఈయన మనసులో పెట్టుకున్నాడు.

వాడు పెద్ద జట్టులోకి వెళ్లి టీవీలో కనబడటం మొదలయ్యాక ఈ పిచ్చి ముదిరింది. ఇల్లంతా చుట్టాలతో నిండిపోతే ఇంటి యజమాని రోడ్డున పడేవాడు. టీవీకి ఎంత దూరముంటే అంత మంచిదని బస్సెక్కి చాంద్రాయణగుట్ట దాకా పోయేవాడు. అక్కడి హోటల్లోనూ టీవీ ఉంటే దానికి వీపు పెట్టి చాయ్ తాగేవాడు. ఆయన అటు తిరిగినప్పుడల్లా రాఘవ్ ఇటు ఫోర్ కొట్టేవాడు. ఇక నమ్మక ఏం చేస్తాడు?

ఇవాళ గోదా చుట్టాలనెవరినీ పిలవలేదు. ఒక్కతే కూర్చుని చూస్తోంది.

"ఇగో, మనోడు దిగిండు!" లోపల్నుంచి కేకేసింది.

బాలనర్సింహ అరుగు అంచుకు జరిగాడు. రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకున్నాడు.

ఎదురు దుకాణంలో దర్జీ ఖాజా భాయ్ మిషన్ ఆపాడు. "స్కోర్ క్యా హువా, నర్సింహ భాయ్?"

"ఇప్పుడే దిగిండు."

"ఫికర్ మత్ కరో. రాఘవ్ బేటా హై నా." కుడుతున్న బట్ట పక్కన పడేసి, గల్లీ దాటి వచ్చి అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాడు.

"ఫోర్!" అంది గోదా. కామెంటరీ చెప్పేవాడి కంటే ముందే అనేసింది.

తర్వాత సిక్సర్. మళ్లీ ఫోర్. యాభై దాటింది. బాలనర్సింహ ఒక్కో పరుగుకూ లేచి, లేచినందుకు తనను తానే తిట్టుకుని కూలబడుతున్నాడు. ఖాజా భాయ్ ఆయన భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

తొంభై దాటింది.

ఇక ఉండబట్టలేకపోయాడు బాలనర్సింహ. లేచి వెళ్లి పరదా అంచు పట్టుకున్నాడు.

"గోదా, ఒక్కపారి చూస్తనే. వాని మొకం ఒక్కటే చూస్త. బాల్ ఏసేటప్పుడు కండ్లు మూసుకుంట."

"వద్దు." అంది గోదా. "నీ కాళ్లు మొక్కుత. లోపలికి రాకు."

పరదా వదల్లేదు, తియ్యలేదు. అక్కడే నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేస్తున్నడు?"

"నీళ్లు తాగుతున్నడు. హెల్మెట్ తీసి చెమట తుడుసుకుంటున్నడు."

"నవ్వుతున్నడా?"

"నవ్వుతున్నడు."

"బక్కగైండా?"

"లేదు." తెర వైపే చూస్తూ అంది. "గట్లనే ఉన్నడు."

బాలనర్సింహ పరదాలో మొహం దాచుకుని ఏడ్చేశాడు. కన్నకొడుకు ఒక్క పరదా అవతల నవ్వుతుంటే చూడటానికి లేదు. పగవాడికి కూడా ఈ బాధ వద్దనిపించింది.

"తొంబై ఆరు!" అని అరిచింది గోదా. స్టేడియం మొత్తం రాఘవ్, రాఘవ్ అంటోంది. ఇంకొక్క ఫోర్ కొడితే సెంచరీ. బాలనర్సింహ గోడ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

హోరు టక్కున ఆగిపోయింది.

గోదా బయటికొచ్చింది. కొంగుతో భర్త మొహం తుడిచి, చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"ఔట్ కాలె గదా?" అనడిగాడు.

"కాలె."

ఖాజా భాయ్ లేచి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

గోదా ఆ పాత రికార్డింగును ఎప్పుడూ అక్కడే ఆపేస్తుంది. దాని తర్వాత వచ్చేది, కొడుకు సెంచరీ చూద్దువు రమ్మని ఆనాడు ఆమే భర్తను చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి చూపించిన బంతి, రాఘవ్ మెడకు తగిలి ప్రాణం తీసిన బంతి.