వదులు ముడి

ఇర్మా వల చివర తోకముడి విప్పి చెయ్యి లోపల పెట్టాడో లేదో, గట్టు మీద దగ్గు వినిపించింది. వెర్నన్ గబగబా గాజుపోగుల్లా మెరిసే మలుగుచేప పిల్లల్ని దోసెడు బకెట్లో వేసుకుని, ముడి మళ్ళీ వేసి, మోకాలిలోతు నీళ్ళలో తడబడుతూ తన వల దగ్గరికి చేరాడు. అప్పటికిగానీ ఇర్మా గట్టు దిగలేదు.

ఆవిడకి ఈ ఏడు దగ్గు పట్టుకోవడం తన అదృష్టం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఏరా వెర్నన్, ఏమన్నా పడ్డాయా?"

"ఏదో, అరాకొరా అక్కా."

"నా వల్లో అవీ లేవు. నీటిపిల్లేదో మరిగినట్టుంది. పోన్లే, దానికీ కడుపుందిగా." సంచిలోంచి డోనట్ తీసి చేతిలో పెట్టింది. "ఇంద, వేడిగా ఉంది, తిను."

తల దించుకుని తిన్నాడు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో వసంతకాలపు ఈ కొద్దివారాల వేటే వెర్నన్‌కి ఏడాది కూడు. సీజన్ మొదట్లోనే మంచుపెళ్ళ ఒకటి కొట్టుకొచ్చి అతని వలని చీల్చేసింది. అతుకులు వేశాడుగానీ, పడినవి పడినట్టే జారిపోతున్నాయి. కొత్తది కొనే తాహతు లేదు. తన దగ్గరున్న రెండో వల తీసుకోమని ఇర్మా అడిగింది కూడా. "ముష్టెత్తుకునే రోజులు నాకింకా రాలేదు" అని నలుగురి ముందూ ఆవిడ మొహం మీదే అనేశాడు. ముష్టి వద్దన్న ఆ పెద్దమనిషే ఇప్పుడు దొంగతనానికి దిగాడు.

పని కూడా సులువుగానే సాగిపోతోంది. ఇర్మా ముడి వేసిందంటే పళ్ళతో లాగినా ఊడేది కాదు ఒకప్పుడు. ఇప్పుడు వేలు తగిలితే చాలు. వయసైపోయింది పాపం, చేతుల్లో పట్టు తగ్గింది అనుకున్నాడు.

చేపపిల్లల్ని కొనే కొట్లో యజమాని రాస్కో సరుకు తూచి, వెర్నన్ లైసెన్సు కార్డు మెషిన్లో గీకాడు.

"ఈ సీజన్‌కి నీకిచ్చిన కోటాలో ఇంకా బోలెడు ఖాళీ ఉందోయ్. నిండిందా, ఆ రోజే వల పీకెయ్యాలి సుమా. నీళ్ళలో ఉంచితే లైసెన్సు ఊడుతుంది. మళ్ళీ రావాలంటే ప్రభుత్వం తీసే లాటరీలో పేరు తగలాలి."

"నిండే యోగం కూడానా నాకు!"

రాస్కో నవ్వాడు. వెర్నన్‌కి నవ్వు రాలేదు. ఇర్మా ట్రక్కు కొట్టువైపు కదిలి వారం దాటింది. ఆవిడకి అమ్ముకోడానికేం మిగిల్చాడు గనక? మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ బతుకూ ఈ నదిమీదే. ఆ మనిషి నోటికాడ కూడు లాక్కుని, ఆవిడ పెట్టిన డోనటే తింటున్నాడు. ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు.

తెల్లారేసరికి తేల్చుకున్నాడు. బకెట్ ఇంట్లో వదిలేసి, ఇర్మా కాళ్ళమీద పడైనా సరే నిజం చెప్పేద్దామని నదికి బయల్దేరాడు.

అప్పటికే అక్కడ గస్తీ అధికారి కోల్బీ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ఇర్మా వల తోక పట్టుకుని చూస్తున్నాడు. ఇర్మా గట్టు మీద తల దించుకుని ఉంది. ఫిర్యాదు చేసింది కాబోలు, మంచిపనే చేసింది అనుకున్నాడు వెర్నన్.

"కోల్బీ బాబూ, ఆ వల దోచింది నేనే! లైసెన్సు తీసేసుకో, జైల్లో పెట్టు, నీ ఇష్టం!"

"నోర్ముయ్యరా!" ఇర్మా అరిచింది. నది అవతలిదాకా వినపడేంత అరుపు. ఒక్క దగ్గు రాలేదు.

కోల్బీ అయోమయంగా ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు.

"దొంగతనమా? దానిగురించి నాకెవరూ చెప్పలేదే. నేనొచ్చింది ఈవిడ లైసెన్సు తీసుకోడానికి."

"ఆవిడేం తప్పు చేసింది?"

"వల ఇంకా నీళ్ళలోనే ఉంచింది. ఈవిడ కోటా నిండి వారం దాటిందండీ."