గరగర

సాంతియాగో బజారులో పాత స్పీకర్లు బాగుచేసే యొకాస్తా దగ్గరికి, ఆమెకు గిటారు నేర్పిన ఎలీహియో మాస్టారు ఒక స్పీకరు మోసుకొచ్చాడు.

"మొన్న సెకండ్ హ్యాండులో కొన్నానమ్మా. ఒకటే గరగర. లోపలి కాగితం కోను చిరిగినట్టుంది, చూడు."

ఆమె కోనును వేళ్లతో మెల్లగా నొక్కింది. లోపల ఎక్కడా ఒరుసుకున్న చప్పుడు లేదు. ఎండకు ఎత్తి చూస్తే చిల్లు కూడా లేదు. గిటారు తగిలించి మీటితే శుభ్రంగా పలికింది.

"విన్నావా గరగర?" అన్నాడు మాస్టారు.

పెళ్లిళ్లలో గిటారు మీద బచాతా పాటలు వాయించి బతికే మనిషికి చెవి పోతోందని ఎలా చెప్పడం? ఆయన కాఫీ అమ్మేవాణ్ని పిలవడానికి అటు తిరగగానే, గోటితో కోను అంచు చీల్చింది.

"ఇదిగో మాస్టారూ, చిరుగు."

పల్చటి కాగితం అతికించి, ఆరేదాకా మోగించొద్దంది.

"బతికించావు తల్లీ. చెవే పాడైందనుకున్నా. రేపు డాక్టరు రమ్మన్నాడు, ఆలస్యమైతే చెవి దక్కదన్నాడు. ఇంక ఆయనతో పనేముంది?"

జేబులోని డాక్టరు చీటీ చింపేసి, స్పీకరు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

యొకాస్తా చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆ కోను చింపింది నేనే మాస్టారూ."

"ఏమన్నావ్?"

ఆ మాట బజారంతా వినేలా మళ్లీ అరిచి చెప్పాల్సి వచ్చింది.