ఇంట్లోవాళ్ల నంబరు

"మీ ఊరు, తండ్రి పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయగలరు."

గ్రూపులోకి కొత్తగా ఎవరొచ్చినా ఇస్రాయేలు నుంచి ఇదే మెసేజ్.

ఆ రోజు చేరినవాడు భీమన్న. ఒమన్ దేశంలోని ఖబూరాలో ఖర్జూర తోట పని. "అందరికి రాంరాం" అని పెట్టి నిమిషం కాలేదు, ప్రశ్న వచ్చి పడింది.

నిజ్వాలో ఓ సైటు పక్కన, స్టోరుగా మార్చిన కంటైనర్లో కూర్చుని గంగాప్రసాద్ అది చూశాడు.

స్టోర్‌కీపర్ డ్యూటీ. పొద్దుటి నుంచీ ఎదురుగా సిమెంటు బస్తాలే తప్ప మనిషన్నవాడు లేడు.

తొమ్మిది వందల మంది ఉన్న ఆ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి అతనే అడ్మిన్. ఒక్క మాట విసిరితే చాలు, నవ్వే బొమ్మలు వరస కడతాయి. రోజు మొత్తంలో అతని వైపు తిరిగే నవ్వు ముఖాలు అవే.

"ఏం ఇస్రాయేలూ, పెండ్లిళ్ల బ్రోకర్‌వా? ఇంట్ల ఆడోళ్ల నంబర్లు నీకెందుకు?" అని విసిరాడు.

నవ్వులే నవ్వులు.

"సీఐడీ సారూ, సలాం!"

"నాకు సుత ఓ పిల్లను చూడు మామా!"

భీమన్న కూడా ఓ నవ్వు బొమ్మ పెట్టాడు. నంబరు మాత్రం పెట్టలేదు.

ఇస్రాయేలు కోప్పడలేదు. కాసేపాగి గంగాప్రసాద్‌కి విడిగా మెసేజ్ పంపాడు.

"అడ్మిన్ గారూ, మీది కూడా ఇంకా ఇవ్వలేదండి."

గంగాప్రసాద్ ముఖం మాడిపోయింది.

ఇవ్వడానికి అతనికున్నది ఒకే ఒక్క నంబరు. అమ్మది. అమ్మ పోయి ఏడాది దాటింది. ఆ నంబరుకి చేస్తే ఇప్పుడెవరో ఎత్తి, రాంగ్ నంబరని విసుక్కుంటున్నారు.

లోపలి మంటంతా వేళ్లలోకి దిగింది. గ్రూపులో అందరి ముందూ రాశాడు.

"మనిషి సావకముందే వాసన పట్టే గద్దవు నువ్వు. నీ అసొంటోడు ఉంటే గ్రూపుకే అరిష్టం. ఖల్లివల్లి! పో!"

ఇస్రాయేలు పేరు మీద వేలు నొక్కి, తీసేశాడు.

నలభై మంది చప్పట్లు కొట్టారు.

మూడు నెలలు తిరక్కుండానే, తోటలో నీళ్ల మోటారు దగ్గర భీమన్న కుప్పకూలాడు. గుండెపోటు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

శవం కదలాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలి.

ఇంటివాళ్లెక్కడ? పాస్‌పోర్టులో ఉన్న ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగి ఎనిమిదేళ్లయింది. ఊరి జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. చిరునామా మార్పించుకోవాలన్న ఆలోచన భీమన్నకి రాలేదు. అతని ఫోను లాకు ఎవరికీ తెలియదు.

పదిహేను రోజులు గడిచాయి. ఇంకొన్నాళ్లు చూసి ఇక్కడే పూడ్చేస్తారన్న మాట వినవచ్చింది.

గంగాప్రసాద్ భీమన్న ఫొటో గ్రూపులో పెట్టాడు. "ఈయన ఇంటోళ్లు ఎవరికన్న ఎరుకేనా? పుణ్యముంటది."

చేతులు జోడించిన బొమ్మలు మూడొందలు వచ్చాయి. నంబరు ఒక్కటీ రాలేదు.

చివరికి గ్రూపులోని రఘుపతి, మస్కట్ పక్క అల్ మవాలే నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, ఇస్రాయేలుకు చెయ్యరాదే. గ్రూపుల నవ్విన్రు గని, ఆయనకు విడిగ చానమంది నంబర్లిచ్చిన్రు. నేను సుత ఇచ్చిన."

"నువ్వా? పిల్లను చూడుమన్నది నువ్వే గదరా!"

"నలుగురి ముంగట అట్లనే అంటం. పండుకున్నంక భయమైతది గదనే."

గంగాప్రసాద్ పాత మెసేజీలు తవ్వి నంబరు పట్టాడు. ఇండియా నంబరు. అందులో వింతేమీ లేదు. ఇక్కడికొచ్చినా ఇంటి సిమ్ మీదే వాట్సాప్ నడిపేవాళ్లు గ్రూపులో సగం మంది.

మొదటి రింగుకే ఎత్తారు. ఆడగొంతు.

"అమ్మా, ఇస్రాయేలు ఉన్నడా? నేను ఒమన్ గ్రూపు అడ్మిన్‌ను. ఖబూరా భీమన్న సచ్చిపోయిండమ్మా. వాళ్లింటి నంబరేమన్న..."

"అయ్యో ప్రభువా!"

తర్వాత కాగితాలు గబగబా తిప్పుతున్న చప్పుడు.

"ఉందండి. రాసుకోండి బాబూ. భార్య పేరు కమలవ్వ. చెల్లెలు గారింట్లో ఉంటున్నారంటండి. మెల్లిగా చెప్పండి, ఒక్కసారే చెప్పేయకండి."

తీసేసింది నువ్వే కదా అనలేదు. గద్ద అన్నావు కదా అనలేదు.

సంతకం వచ్చింది. పదో రోజున భీమన్న పెట్టె హైదరాబాదు విమానమెక్కింది.

ఆ శుక్రవారం సెలవు. కంటైనర్ మెట్టు మీద ఒంటరిగా కూర్చుని గంగాప్రసాద్ మళ్లీ ఆ నంబరుకే చేశాడు.

"అమ్మా, ఒక్కసారి ఆయనకియ్యమ్మా. మాఫీ అడుగుత."

"ఆయన లేరండి."

"డ్యూటీకి పోయిండా? వచ్చినంక చేస్త."

"గ్రూపులో రాసింది నేనేనండి. నా పేరు కాశమ్మ. మాది రాజోలు దగ్గరండి."

"నువ్వా? ఆయన పేరు మీద నువ్వెందుకు రాసినవమ్మా?"

అవతల పుస్తకం తెరిచిన చప్పుడు వచ్చింది.

"మీ పేరు పక్కన ఇంకా ఖాళీగానే ఉందండి."

"ఇయ్యనీకి నాకెవ్వరు లేరమ్మా."

"అయితే ఇంట్లోవాళ్ల నంబరని ఇదే రాసుకోండి బాబూ," అంది కాశమ్మ. "మస్కట్లో మా ఆయన పోయినప్పుడు, ఎవరికి చెప్పాలో తెలీదని రెణ్నెల్లు చూసి అక్కడే మట్టి చేసేశారంట... అప్పుడూ ఈ ఫోను నా చేతిలోనే ఉందండి."