దొరువుల దగ్గర పరీక్ష

నట్టును బిగించే ముందు తుడవాలా, బిగించిన తరువాత తుడవాలా అన్న ప్రశ్న మానవజాతిని రెండు మహాసంప్రదాయాలుగా చీల్చింది. ఆ రెండూ 1962 ఎండాకాలంలో, మైపాడు దాపుల ఇసుకనేలలో, ఎస్తేరమ్మ వేరుశనగ చేని గట్టున ముఖాముఖి నిలిచాయి. కాయ గట్టిపడే ముందు ఆఖరి తడికోసం చేను నోరు తెరుచుకుని ఉంది. పక్కనే దొరువులో, అంటే ఇసుకలో తవ్విన ఊటగుంటలో, నీళ్లున్నాయి. కావలసింది పంపు; అమ్మడానికి రెండు కంపెనీలవాళ్లు తమ డీజిలు ఇంజన్లతో దిగారు.

హార్లిన్ కంపెనీ ప్రతినిధి జయకుమార్ టై కట్టుకుని, డీజిలును తెల్లగుడ్డలో వడగట్టి, నియమావళిలో పేజీ తిప్పనిదే ఇంజనును ముట్టుకోడు. విజయసింధు కంపెనీ ఫిట్టరు బడేసాహెబ్ ముందు హ్యాండిలు తిప్పి, మొరాయిస్తే అప్పుడు చూసుకుంటాడు.

జయకుమార్ గుండె మాత్రం ఇంజనుకన్నా ముందే కొట్టుకుంటోంది. ఈ బేరం తప్పితే ఉద్యోగం తప్పినట్లేనని మేనేజరు చెప్పి పంపాడు. పెళ్లికి ముందు చర్చిలో మూడు ఆదివారాలు చదవాల్సిన అతని పెళ్లి ప్రకటన రెండుసార్లు చదివారు. మూడోసారి చదివేనాటికి పెళ్లికొడుకుకు ఉద్యోగం ఉండాలి.

"ఏం నాయనా, మీ ఇంజనుకు ఇంకా తలంటు అవలేదా?" అంది ఎస్తేరమ్మ.

"రూలు ప్రకారం చెయ్యాలమ్మా."

"సాయిబు ఇంజను అప్పుడే నీళ్లు కక్కుతా ఉందే!"

"కక్కుతాది, మధ్యలో ఆగతాది."

అన్నట్టే ఆగింది. బడేసాహెబ్ కొబ్బరిపీచు, సబ్బుముక్క ఎక్కడో కుక్కి మళ్లీ లేపాడు. "మాది నడస్తా బాగుపడే బండి సారూ! మీది బాగుపడతా నడవని బండి!"

హార్లిన్ కూడా ఎట్టకేలకు నీళ్లు తోడింది. సాయంత్రం ఎస్తేరమ్మ తడిమట్టిని పిడికెడు తీసి, శాసనం చదివే పండితురాలిలా పరికించింది. "రెండూ బాగానే ఉండాయి. ఇది మెత్తటి నేల. రేపు తూరుపు చేలో చూపించండి. నేల మారితే గదా ఇంజను గుణం తెలిసేది! డీజిలు ఎవరిది?"

"పరీక్షంతా కంపెనీ ఖర్చేనమ్మా," అన్నారిద్దరూ పోటీపడి.

తూరుపు చేలోనూ తీర్పు తేలలేదు. మరునాడు సరుగుడు తోపు పక్కనున్న ఆమె మూడో చేలో చివరి పరీక్ష. భయం సంప్రదాయాలను తారుమారు చేసింది: జయకుమార్ టై విప్పి, వడగట్టని డీజిలే పోసి హ్యాండిలు తిప్పాడు, బడేసాహెబ్ చాటుగా తలగుడ్డతో డీజిలు వడగట్టుకున్నాడు. హార్లిన్ దగ్గింది. మళ్లీ అందుకుంది. ఆపైన పొద్దు వాలేదాకా రెండు ఇంజన్లూ ఒక్క క్షణం ఆగలేదు.

ఎస్తేరమ్మ చేనంతా నడిచి వచ్చింది. కాళ్లు మోకాళ్లదాకా బురద.

"మీ ఇద్దరి పనితనానికీ వంక పెట్టలేను నాయనా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

జయకుమార్ టై మళ్లీ కట్టుకున్నాడు. "మరి ఏ పంపు తీసుకుంటారమ్మా?"

ఆమె దొరువులోకి వంగి తాపీగా కాళ్లు కడుక్కుంది.

"ఇంకా పంపెందుకు నాయనా, మూడు చేలూ తడిసినాయిగా!"