గోడలో వెండి దండ

గడ్డపార పోటుకు మట్టిగోడలోని కుండ పగిలి వెండి నాణేలు రాలాయి. ప్రతిదాని మీదా ఒక ఆడమనిషి బొమ్మ, దండ గుచ్చడానికి చిన్న కొక్కెం. నోట్లొచ్చి ఐదేళ్లయినా ఈ అరబ్బు ఊరు బహ్లాలో పాతవాళ్లు ఈ వెండినే డబ్బంటారు.

గడ్డపార పట్టిన కూలీ పెద్దులు భయంతో దాన్ని కింద పడేశాడు. కుండ పెంకుతో వేలు కోసుకుని ఒక నాణెం మీద నెత్తురు బొట్టు పెట్టాడు.

"ఏం పనిరా ఇది?" అన్నాడు మేస్త్రీ మజహర్.

"లంకెబిందెకు కావలి ఉంటది భాయ్. నెత్తురియ్యకుంటే పానం తీస్తది. ఇంటికాడ పసిపిల్ల ఉన్నది నాకు."

"దానికన్నా ముందు పోలీసోళ్లు తీస్కపోతరు. ముసలమ్మ వస్తున్నది, చెయ్యి దాచు!"

ఆ పాత ఇల్లు ఆమెదే. నాణేలు చూసి వాటి పక్కనే కూర్చుంది. నెత్తుటి నాణెం ఎత్తి, ఇదేమిటని అరబ్బీలో అడిగింది. మజహర్ తడబడుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె నాణేలను ఒక్కొక్కటిగా ఒడిలోకి ఏరుకుంది. ఆ తర్వాత ఏదో చెప్పింది.

"ఇది నిఖానాడు మొగుడిచ్చిన మెహర్ దండ అంట, పెండ్లి సొమ్ము," అన్నాడు మజహర్ మెల్లగా. "దండ ఎత్తుకొని జంజిబార్ పారిపోయిండని ముప్పై ఏండ్ల సంది రోజూ తిట్టిందంట. ఆయనేమో దండను ఈ గోడల దాచి పోయి, ఎప్పుడో దరియాల మునిగి సచ్చిపోయిండు."

ముసలమ్మ పెద్దులు చెయ్యి పట్టుకుంది. కోసుకున్న వేలు చూపిస్తూ ఏదో అడిగింది.

"ఏమడుగుతున్నది భాయ్?"

"కావలి ఉన్న మొగుడు తన తిట్లు మాఫ్ చెయ్యాలంటే తనెంత నెత్తురియ్యాలని అడుగుతున్నది."