మళ్ళీ చెప్పండి బాబాయ్

ఆ పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే కెప్టెన్ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"సరిహద్దు అవతలి పిల్లని నా ఇంట్లో పెట్టడానికి నీకెన్ని గుండెలు?" అన్నాడు వంటగదిలో భార్యతో.

"బళ్ళో పదో తరగతి పిల్లలందరి ఇళ్ళకీ అటువైపు బడి నుంచి ఒక్కొక్కరు వస్తున్నారు. తర్వాత మనమ్మాయి అటు వెళ్తుంది. రెండు వారాలే కదా. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, వినబడుతుంది."

"వినబడనీ."

వినబడింది. ఆ పిల్ల చెప్పులు విడిచి, ఓ పక్కగా సర్ది, ఏమీ విననట్టే నవ్వింది.

సైన్యంలో ఆయన మామూలు సిపాయే. కెప్టెన్ హోదా ఇచ్చింది వీధి. యుద్ధంలో ఎడమ కాలు పోయాక ఇంటి ముందుగదిలో తాళాల కొట్టు పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకి ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ కొండ మీది యుద్ధం కథ చెప్పేవాడు. కథ అయ్యేదాకా పని అయ్యేది కాదు.

"ఆయన దగ్గర తాళంచెవి కావాలంటే ముందు మన చెవి అప్పగించాలి" అని వీధిలో నవ్వుకునేవారు.

మొదటి రెండు రోజులూ ఆడపిల్లలిద్దరికీ బాగానే గడిచింది. భాష ఒకటే, యాస వేరు. ఇక్కడ 'బాగానే ఉంది' అంటే మెచ్చుకోలు. అక్కడ అదే మాటకి 'ఇక చాల్లే' అని అర్థమట. వంటకాలు బాగానే ఉన్నాయా అని ఇంటావిడ అడిగినప్పుడల్లా ఇద్దరూ పగలబడి నవ్వేవారు.

మూడో రోజు సాయంత్రం ఆ పిల్ల కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏం కావాలి?" తలెత్తకుండా అడిగాడు కెప్టెన్.

"కొండ కథ చెప్తారట కదా బాబాయ్."

"నీకు నేను బాబాయినెప్పుడయ్యాను?"

"మా వైపు నాన్న వయసు వాళ్ళని అలాగే పిలుస్తామండీ."

"ఆ కథ నీకు నచ్చదు. అందులో చచ్చేది మీ వాళ్ళు."

"తెలుసండీ. చెప్పండి."

కసిగానే చెప్పాడు. ఒక్క దెబ్బ కూడా వదల్లేదు. "ఒక్కణ్ణి ప్రాణాలతో పోనివ్వలేదు" అని ముగించి మొహంలోకి చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు. లేదంటే పోట్లాటకు వస్తుందనుకున్నాడు.

"అక్కడ చలి ఎక్కువా బాబాయ్?"

"చలా! పళ్ళు కటకటలాడేవి."

"అటువైపు వాళ్ళకి కంబళ్ళు ఉండేవా?"

ఆకురాయి ఆగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఉన్నట్టు లేదు. పొద్దున్నే వేడి కోసం గంతులు వేసేవాళ్ళు. చూసి మేం నవ్వుకునేవాళ్ళం."

"ఇంకా?"

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వాళ్ళేం తినేవారు? గట్టిగా నవ్వుకోవడం ఎప్పుడైనా వినబడేదా? ఆమె అడిగేకొద్దీ ఆయనకి ఎక్కడో పాతిపెట్టిన సంగతులు పైకి వచ్చాయి.

"కొండ కింద వాగుండేది. ఇద్దరికీ నీళ్ళు అక్కడే. ఎవరూ చెప్పుకోలేదు గానీ నీళ్ళ దగ్గర ఎవరూ కాల్చేవారు కాదు. ఓసారి మావాడి చెంబు కొట్టుకుపోతే, అటువైపు కుర్రాడొకడు మోకాళ్ళ లోతు దిగి పట్టుకున్నాడు. రాయి మీద పెట్టి వెళ్ళిపోయాడు."

"ఎలా ఉండేవాడు?"

"దూరం కదమ్మా, మొహం ఆనలేదు."

అమ్మా అన్నానని ఆయన గమనించుకోలేదు.

"మళ్ళీ చెప్పండి బాబాయ్, ఆ చెంబు సంగతి."

కూతురికి ఒళ్ళు మండింది.

"మా నాన్న కథంటే మేమే పారిపోతాం. నువ్వు నా కోసం వచ్చావా, ఆ కొట్టు కోసం వచ్చావా?"

"ఇవాళ ఒక్కరోజు వింటానే. రేపు నువ్వెక్కడికంటే అక్కడికి."

ఆ 'రేపు' కూడా కొట్లోనే కూర్చుంది.

రెండో వారానికి కెప్టెన్ ఆ పిల్లతో కలిసి భోజనానికి కూర్చున్నాడు. కథలో 'శత్రువులు' పోయి 'అటువైపు వాళ్ళు' వచ్చారు. ఆ తర్వాత 'ఆ కుర్రాళ్ళు' అయ్యారు. ప్రాణాలతో పోనివ్వలేదన్న ముక్క దానంతట అదే రాలిపోయింది. "తెల్లారేసరికి ఎక్కడా చప్పుడు లేదు" అని ఆపేసేవాడు. కెప్టెన్‌కి ఏమైందని వీధి ఆశ్చర్యపోయింది.

వెళ్ళే రోజున చంకకర్రలతో బస్సు దాకా వచ్చాడు.

"మళ్ళీ రా అమ్మా. ఈసారి మంచి కథలు చెప్తాను."

ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇవే మంచి కథలు బాబాయ్."

నెల తిరక్కుండానే సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలయ్యాయి. దారులు మూసేశారు. కూతురి ప్రయాణం ఆగిపోయింది. ఫోన్లూ కలవడం మానేశాయి.

ఓ మధ్యాహ్నం బడి బీరువా తాళం పట్టుకుని టీచరమ్మ కొట్టుకు వచ్చింది.

"ఆ పిల్ల కబురేమైనా తెలిసిందా టీచరమ్మా?"

"లేదండీ. అసలు మీ ఇల్లే కావాలని పట్టుబట్టింది, తెలుసా? మిగతావాళ్ళు కుక్కపిల్ల ఉన్న ఇల్లు కావాలని, మేడ మీద గది కావాలని అడిగారు. రాకముందు పిల్లలంతా కంప్యూటర్లో మాట్లాడుకున్నారు కదా. మీరు ఏ కొండ మీద పోరాడారో మీ అమ్మాయి చెప్పిందట. అంతే, ఇంకో ఇంటికి వెళ్ళనంది."

"ఆ కొండతో చిన్నపిల్లకేం పని?"

టీచరమ్మ చేతిలోని తాళం బల్ల మీద పెట్టింది.

"మీకు చెప్పొద్దంది. తెలిస్తే మీరు జాలిపడి ఉన్నదున్నట్టు చెప్పరని భయం."

"ఏం తెలిస్తే?"

"ఆ పిల్ల పుట్టకముందే వాళ్ళ నాన్న ఆ కొండ మీదే పోయాడండీ, ఆయన ఆఖరి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి అటువైపు ఒక్కరూ మిగల్లేదు."